చెవి దాకా లేచే చెయ్యి

నా కుడి చెయ్యి నలభై నాలుగేళ్లు ఇతరుల తలల ఎత్తులోనే పనిచేసింది. సూరారంలో ఫ్యాక్టరీలకు పోయే దారిలో రెండు కుర్చీల కటింగ్ షాపు నాది. మా నాయిన దగ్గర నేర్చుకున్న పని. ఆయన షామీర్‌పేట దిక్కు ఊళ్లల్లో ఇంటింటికీ తిరిగి చేసేవాడు. నేను ఇక్కడ కంపెనీలు పెరిగాక వచ్చి షాపు పెట్టుకున్నాను. పదో తరగతి దాకా చదివాను. గిరాకీ లేనప్పుడు షాపుకు వచ్చే పేపరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం అలవాటు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. రాసే పనికి చెయ్యి పైకి లేపనక్కర్లేదు.

భుజంలో నొప్పి మూడేళ్ల కిందట మొదలైంది. కుడి పక్కకు తిరిగి పడుకోలేకపోయేవాణ్ణి. మందుల షాపులో గోలీలు తెచ్చుకుని మింగేవాణ్ణి, మా ఆవిడ ఏదో మలాము రాసేది, పొద్దున్నే షాపు తెరిచేవాణ్ణి. నొప్పి ఉందని ఎవరికీ చెప్పలేదు. మా పనిలో నడుము నొప్పి, మెడ నొప్పి, భుజం నొప్పి లేనివాడు ఎవడుంటాడు? నిలబడి చేసే పని. చేతులు గాలిలో ఉంచి చేసే పని. ఇదీ వాటిలో ఒకటి అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఇనుప ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను షిఫ్టుకు ముందు కటింగ్‌కు వచ్చాడు. చాలా ఏళ్లుగా నా దగ్గరికే వచ్చే మనిషి. ఎడమ పక్క పూర్తయింది. నెత్తి మీది వెంట్రుకలు దువ్వెనతో లేపి కత్తెర పెట్టబోతే నా చెయ్యి పైకి రాలేదు. నొప్పి వల్ల కాదు. నొప్పి అయితే పళ్లు బిగబట్టి ఓర్చుకునేవాణ్ణి. లేవమంటున్నాను, అది లేవడం లేదు.

"ఏమైందన్నా?" అన్నాడు అద్దంలోంచి చూసి.

"ఏం లేదు. తిమ్మిరెక్కినట్టుంది. జర ఆగు."

పది నిమిషాలు ఆగాము. తిమ్మిరి కాదని నాకు తెలుసు. చివరికి ఎడమ చేత్తో మిషన్ పట్టుకుని ఎలాగో అయిందనిపించాను. ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా వచ్చింది. ఆయన అద్దంలో చూసుకున్నాడు. జేబులోంచి కంపెనీ టోపీ తీసి, చెవుల దాకా లాక్కుని, "పోతున్న అన్నా, టైం ఐతాంది" అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. నేను షాపు మూసేసి ఇంటికి వెళ్లి పడుకున్నాను.

ఆసుపత్రిలో స్కానింగు తీశారు. డాక్టరు నాకంటే చాలా చిన్నవాడు. ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపిస్తూ, లోపల ఒక పట్టీ తెగిందని చెప్పాడు.

"నరమా సార్?" అని అడిగాను.

"నరం కాదు. కండని ఎముకకు కట్టి ఉంచే పట్టీ. అరిగి అరిగి తెగింది. ఏం పని చేస్తారు మీరు?"

"కటింగ్ పని సార్."

ఆయన ఫిల్ము దించి నా మొహం చూశాడు. ఎన్నేళ్లుగా అని అడిగాడు. చెప్పాను. తల ఊపాడు.

"కుట్టొచ్చు. ఎముకలో చిన్న మేకుల్లాంటివి పెట్టి దారంతో కట్టేస్తాం. ఆరు వారాలు చెయ్యి మెడకు కట్టిన జోలెలో ఉంచాలి. తర్వాత ఎక్సర్‌సైజులు. ఆరు నెలలు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పాత చెయ్యి మొత్తం తిరిగొస్తుందని మాత్రం అనుకోవద్దు. మీ వయసుకు ఎంతొస్తే అంత."

బయటికి వచ్చాక మా ఆవిడ అడిగింది. "ఎంతొస్తే అంతంటే ఎంతొస్తదట?"

"ఆయనకే తెల్వదు," అన్నాను.

ఎండలు ముదరకముందే ఆపరేషన్ అయింది. భుజం మీద మూడు చిన్న గాట్లు, అంతే. అంత చిన్న గాట్లకు ఇంత బాధేమిటా అని నాకే ఆశ్చర్యం వేసింది. వెల్లకిలా పడుకుంటే భుజం కిందికి జారుతున్నట్టు ఉండేది. అందుకని గోడకు దిండ్లు పేర్చి సగం కూర్చుని సగం పడుకుని నిద్రపోయేవాణ్ణి. అది నిద్ర కాదు, కునుకు. ఆరు వారాలూ అలాగే గడిచాయి.

మా ఆవిడ ఒక మందుల కంపెనీలో గోలీల డబ్బాలు ప్యాక్ చేసే పనికి పోతుంది. పొద్దున ఆరింటికి కంపెనీ బస్సు వస్తుంది. అంతకు ముందే నాకు నీళ్లు కాచి, స్నానం చేయించి, చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, అన్నం కలిపి డబ్బాలో పెట్టి చెంచా పక్కన ఉంచి పోయేది. ఎడమ చేత్తో అన్నం తినడం నాకు అసహ్యంగా ఉండేది. మొదటి రోజు తినకుండా ఉంచేశాను. సాయంత్రం వచ్చి డబ్బా మూత తీసి చూసింది.

"ఏంది, ముట్టనే లేదు?"

"ఎడమ చెయ్యితోని ఎట్ల తినమంటవ్?"

"చెంచా పెట్టిన గద. ఇంట్ల ఎవ్వరు సూస్తున్నరు నిన్ను? రేపు గిట్ల ఇట్లనే ఉంచితే నేను ఇగ బస్సెక్క."

మర్నాటి నుంచి తిన్నాను. సగం నేల మీద పడేది. వంగి ఏరలేకపోయేవాణ్ణి. ఆమె వచ్చి తుడిచేది. మా కూతురు మేడ్చల్లో కాపురం ఉంటుంది. ఆదివారాలు వచ్చి వంట చేసి, బట్టలు ఉతికి పోయేది. మిగతా రోజులు మా ఇద్దరివే.

సాయంత్రం బస్సు దిగి వచ్చాక మా ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కాసేపు కూర్చునేది. తర్వాత లేచి పొయ్యి దగ్గరికి పోయేది. పన్నెండేళ్లుగా ఆమె ఆ పని చేస్తోంది. ఆ గడప మీద కూర్చోవడం కూడా పన్నెండేళ్ల నాటిదే అయి ఉంటుంది. నేను షాపు నుంచి వచ్చేసరికి అన్నం రెడీగా ఉండేది కనుక నాకు కనబడలేదు. రోజంతా నిలబడి అలసిపోయేది నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్లూ.

గడ్డం పెరిగింది. పద్దెనిమిదేళ్ల వయసు నుంచి రోజూ పొద్దున నా గడ్డం నేనే గీసుకున్నాను. షాపు పెట్టినవాడికి మాసిన గడ్డం ఉండకూడదని నాయిన చెప్పేవాడు. ఎడమ చేత్తో కత్తి పట్టే ధైర్యం లేదు. "నేను గీకుతనా?" అని మా ఆవిడ అడిగింది. వద్దన్నాను. మూడు వారాలకు దురద మొదలైంది. ఇగ తప్పదని పక్క వీధిలో కొత్తగా వచ్చిన సెలూన్‌కు వెళ్లాను. అది నడిపే అతను ఉత్తరాది నుంచి వచ్చినవాడు, ముప్పై ఏళ్లుంటాయి, పెళ్లాం పిల్లలతో ఇక్కడే ఉంటాడు. అతను వచ్చాక నా గిరాకీ కొంత అటు పోయింది. అందుకని అంతకు ముందు అతని షాపు ముందు నుంచి పోయేటప్పుడు తల తిప్పేవాణ్ణి కాదు.

నన్ను చూసి గుర్తుపట్టాడు. "ఆవో చాచా, బైఠో," అని కుర్చీ చూపించాడు. చేతికి ఏమైందని మాత్రం అడగలేదు. ఎవరో చెప్పే ఉంటారు.

కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాను. అతను రెండు వేళ్లతో నా గడ్డం కింద పట్టి మొహాన్ని పక్కకు తిప్పాడు. ఎన్ని వేల మొహాలను నేను అలా తిప్పానో. నా మొహాన్ని ఎవరైనా తిప్పడం నాయిన పోయాక అదే మొదలు. వేళ్లు చల్లగా ఉన్నాయి. చెయ్యి తేలిక. తప్పు వెతుకుదామని చూశాను కానీ తప్పు లేదు. కణతల దగ్గర తేడా లేకుండా తీశాడు. పటిక రాసి తువ్వాలు నొక్కి, "దర్ద్ హై క్యా చాచా?" అని, నొప్పిగా ఉందా అన్నట్టు మెల్లగా అడిగాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగినట్టున్నాయి, చూసినట్టున్నాడు. పటిక మండుతోందని చెప్పాను.

జోలె తీసిన తర్వాత అసలు కష్టం మొదలైంది. అప్పటిదాకా చెయ్యి జోలెలో ఉంది కనుక లేవడం లేదనుకునేవాణ్ణి. జోలె తీసినా లేవలేదు. పక్కన అలా వేలాడుతూ ఉండేది. కండ సగం కరిగిపోయింది. చొక్కా చేతిలోంచి నా చెయ్యి ఎవరో ముసలాయన చెయ్యిలా కనబడేది. అద్దంలో చూసుకుంటే ముసలాయన నేనే.

ఫిజియోథెరపీ చేసే మేడం కౌకూర్ నుంచి స్కూటీ మీద వస్తుంది. మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పైన మొదటి అంతస్తులో ఆమె క్లినిక్కు. మెట్లెక్కేసరికే నాకు ఆయాసం వచ్చేది. మొదట వంగి నిలబడి చేతిని వదిలేసి, అటూ ఇటూ ఊగనివ్వమంది. తర్వాత కర్ర రెండు చేతులతో పట్టుకుని, ఎడమ చేత్తో కుడి చేతిని పైకి నెట్టమంది. తర్వాత గోడ.

"అంకుల్, గోడ మీద వేళ్లతో పైకి నడవండి. భుజం ఎత్తొద్దు. మెడ వంచొద్దు. చెయ్యి ఒక్కటే."

"భుజం ఎత్తకుంట చెయ్యెట్ల లేస్తది మేడం?"

"అదే నేర్చుకోవాలి. మీ చెయ్యి సులువు దారి వెతుకుతోంది. వెతకనివ్వొద్దు."

ఇంట్లో రోజుకు మూడుసార్లు చెయ్యాలి. మా ముందు గది గోడకు సున్నం వేసి చాలా కాలమైంది. వేళ్లతో పాకించుకుంటూ పోతే సున్నం రాలి కొనలకు అంటుకునేది. గోడకు క్యాలెండరు ఉంది. చాలా రోజుల వరకు నా వేళ్లు క్యాలెండరు కింది అంచు దగ్గరే ఆగిపోయాయి. నెల మారి కాగితం చించినా వేళ్లు అక్కడే. ఇంకొంచెం పైకి పోదామంటే భుజంలో పాత తాడు బిగుసుకున్నట్టు ఉండేది, చెమట పట్టేది, పక్కనే మంచం మీద కూలబడేవాణ్ణి.

మధ్యాహ్నం పూట చేసేది మానేశాను. మా ఆవిడ అడిగితే చేశానని చెప్పేవాణ్ణి. ఒక రోజు ఆమె నా వేళ్లు పట్టుకుని చూసింది. సున్నం లేదు.

"చేసిన్నంటివి?"

"కడుక్కున్న."

"అబద్ధం."

"అవు, చెయ్యలే. ఏం జేస్తే ఏమస్తది? అరవై నాలుగేండ్లు. ఇగ ఈ చెయ్యి రాదు. రాకపోతే రాకపాయె. ఉన్నదాంతోనే ఉంట."

ఆమె గట్టిగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీకు చొక్కా తొడగనీకె నాకేం బాధ లేదు," అంది. "కని పొద్దుగాల నాలుగింటికి లేస్తున్న. కంపెనీల నిలబడుతున్న. ఇంటికొచ్చి నీకు తలకు పోస్తున్న. నాకు గూడ ఏండ్లొచ్చినయ్. నేనెన్ని రోజులు చేస్త?"

నేను లేచి గోడ దగ్గరికి పోయాను. పట్టుదల వచ్చి కాదు. ఆమె ముందు కూర్చోలేక లేచాను. ఆ రోజు కూడా వేళ్లు క్యాలెండరు అంచు దాటలేదు. కానీ తర్వాత మధ్యాహ్నాలు మానలేదు.

మూడు నెలలు నిండాక షాపు తెరుద్దామని వెళ్లాను. తాళం తీశాను కానీ షట్టరు లేపలేకపోయాను. పక్క షాపు టైలరు వచ్చి లేపిపెట్టాడు. లోపల దుమ్ము. ఎడమ చేత్తో తుడిచి కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు తలుపులోంచి చూసి, "చెయ్యి మంచిగైందా అన్నా?" అని అడిగేవారు. "అవుతాంది" అనేవాణ్ణి. "సరే అన్నా, మల్లొస్త" అని పోయేవారు. వాళ్ల తప్పు లేదు. లేవని చేతి కింద తల పెట్టమని ఎవరిని అడగను? పేపరు చదివి, సాయంత్రం మళ్లీ టైలరును పిలిచి షట్టరు దింపించి ఇంటికి వచ్చేవాణ్ణి. పని చేసిన రోజులకంటే పని లేని ఆ రోజుల్లో ఎక్కువ అలసిపోయాను.

వానాకాలం మొదట్లో ఒక రోజు షాపు ముందు పెద్ద కారు ఆగింది. దిగినాయనను పోల్చుకోవడానికి కాస్త టైం పట్టింది. దేవరయాంజాల్‌లో నాయిన క్షౌరం చేసిన ఇళ్లల్లో పెద్దది పటేల్ ఇల్లు. ఈయన ఆ పటేల్ కొడుకు. చిన్నప్పుడు నా దగ్గర కూడా తల వంచి కూర్చున్నవాడే. ఇప్పుడు భూముల వ్యాపారం, రాజకీయం.

"కాకా, బాపు నిన్ను తీస్కరమ్మంటున్నడు," అన్నాడు.

"ఎందుకు?"

"గడ్డానికి. ఆయనకు పక్షవాతం వొచ్చి మూడు నెలలాయె. కుడి పక్క మొత్తం పడిపోయింది. ఎవ్వర్ని ముట్టనిస్తలేడు. మొన్న ఒకాయనను తెస్తే ఎడమ చెయ్యితోని నూకేసిండు. నిన్నే తెమ్మంటున్నడు."

"నాకు ఆపరేషనైంది పటేలా. చెయ్యి లేస్తలేదు."

"ఆయనది గూడ లేస్తలేదు," అన్నాడు. నవ్వించడానికి అన్న మాట కాదది. అతను కూడా బాగా అలసిపోయి ఉన్నాడు.

సామాను సంచిలో వేసుకుని కారెక్కాను. దారంతా ఎట్లా చేస్తానా అని ఆలోచించాను. వద్దని దిగిపోదామని రెండుసార్లు అనిపించింది. కానీ ఆ గదిలోకి వెళ్లాక ఒకటి అర్థమైంది. పటేల్ పడుకుని ఉన్నాడు. ఆసుపత్రుల్లో ఉండే మంచం, పక్కన తిప్పితే ఎత్తు పెరుగుతుంది. మంచం నా బొడ్డు ఎత్తుకు లేపించాను. పడుకున్న మనిషికి గడ్డం గీయడానికి చెయ్యి పైకి లేపనక్కర్లేదు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి పెట్టుకుంటే చాలు.

మూడు నెలల గడ్డం గుబురుగా ఉంది. ముందు కత్తెరతో పొట్టి చేశాను. వేడి నీళ్ల గుడ్డ పెట్టి నాననిచ్చి, సబ్బు నురగ రాశాను. ఎడమ బుగ్గ సులువుగానే అయింది. కుడి బుగ్గ దగ్గర కత్తి ఆగిపోయింది. మామూలుగా గిరాకీ తనంతట తనే బుగ్గ బిగబడతాడు, నాలుకతో లోపలి నుంచి నెడతాడు. మనకు తెలియకుండానే అందరం చేసే పని అది. పటేల్ కుడి బుగ్గ ఖాళీ సంచిలా జారిపోయి ఉంది. ఎడమ చేతి వేళ్లతో చర్మం లాగి పట్టుకుని కొంచెం కొంచెంగా గీయాల్సి వచ్చింది. ఐదు నిమిషాలకే నా భుజంలో మంట మొదలైంది. కత్తి పక్కన పెట్టాను.

"ఏరా, ఆగినవేంది?" అన్నాడు పటేల్. మాట ముద్దగా వచ్చింది కానీ అర్థమైంది.

"చెయ్యి గుంజుతాంది పటేలా."

"నాది గుంజనన్న గుంజుతలేదు."

మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగాను. మూడోసారి ఆగినప్పుడు ఆయన ఎడమ చేత్తో మంచం పక్కనున్న కుర్చీ చూపించి, "కూసో," అన్నాడు.

ఆ ఇంట్లో మా నాయిన వాకిట్లో నేల మీద గొంతుక్కూర్చునేవాడు. నేనూ అంతే. కుర్చీ మాట ఎప్పుడూ రాలేదు. ఇంకో రోజైతే ఆ మాట గురించి చాలా ఆలోచించి ఉండేవాణ్ణేమో. ఆ రోజు ఎదురుగా కుర్చీ కనబడింది, కూర్చున్నాను. కొడుకు తలుపు దగ్గర నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి మాట ఆపలేదు. ఒక గడ్డానికి ముప్పావు గంట పట్టింది. ఎక్కడా గాటు పడలేదు. పటేల్ ఎడమ చేత్తో బుగ్గలు తడుముకుని కళ్లు మూసుకున్నాడు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. కుర్చీ సంగతి కూడా చెప్పాను.

"కూసుంటే కూసున్నవ్ గని, మధ్యాహ్నం గోలి ఏస్కున్నవా?" అంది.

వేసుకోలేదు.

ఫిజియోథెరపీ మేడం కోప్పడింది. తనను అడగకుండా పని ఎలా మొదలుపెట్టానంది. చేసిన తీరు ఆమె ముందు చేసి చూపించమంది. ఒక దిండును మనిషి తలగా పెట్టి చూపించాను. ఆమె నా మోచెయ్యి చూసింది, భుజం పట్టుకుని చూసింది.

"వారానికి ఒక్కసారి. ఒక్క మనిషికే. మోచెయ్యి ఒంటి నుంచి దూరం పోతే మాత్రం ఆపెయ్యాలి అంకుల్."

అలా ప్రతి బుధవారం దేవరయాంజాల్ పోయాను. కారు వచ్చేది, తీసుకుపోయి దింపేది. వారం వారం నేను మధ్యలో ఆగాల్సిన సార్లు తగ్గాయి. మొదట మూడుసార్లు, తర్వాత రెండు, తర్వాత ఒకటి. పటేల్‌కు కూడా ఎక్సర్‌సైజులు ఉన్నాయి. కుడి చేతిలో మెత్తటి బంతి పెట్టి పిసకమని చెప్పారు. వేళ్లు దాని చుట్టూ ముడుచుకునేవి కావు. కొడుకు గట్టిగా చెప్తే బంతి కింద పడేసేవాడు. నేను తీసి మళ్లీ చేతిలో పెట్టేవాణ్ణి. గడ్డం అయ్యాక చాయ్ వచ్చేదాకా ఆయన బంతితో, నేను మేడం గుంజమని ఇచ్చిన రబ్బరు పట్టీతో.

ఒకసారి ఆయన అడిగాడు. "మీ నాయినకు ఈ రోగం రాలేదా, భుజం రోగం?"

"ఏమో పటేలా. వస్తే చెప్పెటోడు కాదు."

"అవు, ఎవ్వరికి చెప్తడు?" అన్నాడు.

ఇంకోసారి, ఊరి బయట వాళ్లు అమ్మేసిన తోట జాగాలో ఇప్పుడు ఏముందని నన్ను అడిగాడు. ప్లాట్లు చేశారు, హద్దురాళ్లు ఉన్నాయి, ఒకటి రెండు ఇళ్లు లేస్తున్నాయని చెప్పాను. ఆయన తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు. "అమ్మినప్పుడు సంతకం మాత్రం మంచిగనే పెట్టింది ఇది," అన్నాడు. నేను చాయ్ తాగాను.

దసరా అయిన తర్వాతి బుధవారం వెళ్లేసరికి పటేల్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కొత్త రేజరు, సబ్బు, గిన్నెలో నీళ్లు ఉన్నాయి.

"ఇగ నేనే గీక్కుంట," అన్నాడు. "ఎడమ చెయ్యి ఉన్నది గద. నువ్వు అద్దం పట్టుకో."

అద్దం పెద్దది, చెక్క చట్రం. రెండు చేతులతో ఆయన మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. ఆయన నెమ్మదిగా మొదలుపెట్టాడు. అలవాటు లేని చెయ్యి, అద్దంలో దారి తప్పి చెవి మీదికి పోయేది. కాసేపటికి నా కుడి భుజం వణకడం మొదలైంది. అద్దం కొంచెం కిందికి జారింది.

"దించకు," అన్నాడు.

ఎత్తాను. మళ్లీ జారింది. మళ్లీ ఎత్తాను. గడ్డం కింద రెండు చోట్ల తెగి నెత్తురు వచ్చింది. చివరికి రేజరు గిన్నెలో పడేసి నా వైపు చూశాడు.

"మంచిగైందా?"

"మంచిగైంది పటేలా."

"అబద్ధం జెప్పకు."

"దవడ కింద జర మిగిలింది."

"ఉండనీ," అని వెనక్కి వాలాడు. పటిక తడిపి గాట్ల మీద రాశాను. ఈసారి నా చెయ్యిని నూకెయ్యలేదు.

తర్వాతి బుధవారం కారు రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు. రావాల్సిన పని లేదు. మనిషి తన పని తను చేసుకుంటున్నాడంటే సంతోషించాలి. కానీ నాకున్న ఒక్క గిరాకీ అది. ఆ బుధవారం షాపులో కూర్చుని రోడ్డు వైపు రెండు మూడుసార్లు చూశాను. అద్దం సంగతి మేడంతో చెప్తే, అంతసేపు ఆ బరువు పట్టుకున్నారంటే బలం వచ్చినట్టే అంకుల్ అని ఆమె సంతోషించింది. నాకు మాత్రం అలసట తీరక నిద్ర ముంచుకొస్తూ ఉండింది.

ఆపరేషనై ఇప్పటికి పది నెలలు. వేళ్లు క్యాలెండరు దాటి దాని మేకు దాకా పోతాయి. గోడ ఆసరా లేనప్పుడు చెయ్యి నా చెవి దాకా లేస్తుంది. ఆ పైకి పోదు. పోయిన నెల డాక్టరు చూసి, ఇక ఇంతేనేమో, దీంతో బాగానే గడుస్తుంది అన్నాడు. చొక్కా నేనే తొడుక్కుంటున్నాను. గుండీలు నేనే పెట్టుకుంటున్నాను. అన్నం కుడి చేత్తో తింటున్నాను. మా ఆవిడ పొద్దున ఒక అరగంట ఎక్కువ పడుకుంటోంది.

షాపు పొద్దున మాత్రమే తెరుస్తున్నాను. రెండు కుర్చీల్లో ఒకదాన్ని వెల్డింగ్ షాపుకు తీసుకుపోయి కాలు సగానికి కోయించాను. ఇప్పుడు అందులో కూర్చున్న మనిషి తల నా రొమ్ము ఎత్తుకు వస్తుంది. పొడుగు మనుషులకు మోకాళ్లు పైకి లేచి ఇబ్బందిగా ఉంటుంది. కొందరు ఒకసారి కూర్చుని మళ్లీ రాలేదు. కొందరు వస్తున్నారు. ఒక కటింగ్ చేసేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగుతాను. ముందే చెప్తాను, ఆగుతానని.

నిన్న ఒకాయన వచ్చాడు. కొత్త మనిషి, కంపెనీలో కొత్తగా చేరాడట. పక్కలు అయ్యాక కత్తెర పక్కన పెట్టి, రెండో కుర్చీలో కూర్చున్నాను.

"ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు. అలసిపోయిన. జర సేపు."

"కానియ్ అన్నా, నాకేం తొందర లేదు," అని ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను చెయ్యి ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి లేచి నెత్తి మీది వెంట్రుకలు కత్తిరించడం మొదలుపెట్టాను.